పాంట్‌వెర్న్ బడి మెడచెక్క

నేనొక ఓక్ చెక్కముక్కని. పైన చిల్లు, చిల్లులో పురికొస. నన్ను చూసి ముచ్చటపడకండి నాయనా, నన్ను తలుచుకుంటే నాకే రోత.

మాది పాంట్‌వెర్న్. వేల్స్‌కీ ఇంగ్లండుకీ నడుమ పారే ఏటి ఒడ్డున చిన్న ఊరు. వంతెన దాటితే ఇంగ్లీషు మాట, దాటకపోతే వెల్ష్ మాట. మొదట్లో నేను కోట తలుపులో ఉండేదాన్ని. ఇంగ్లీషు దొర కోట కట్టడం, కొండల మీంచి వెల్ష్ వాళ్ళు దిగొచ్చి తగలబెట్టడం, మళ్ళీ కట్టడం, రెండొందల ఏళ్ళు ఇదే భాగోతం. ఆఖరికి ఆ కోట కూలితే ఏడ్చిన పాపాన పోలేదెవరూ. రాళ్ళు మోసుకుపోయి పందుల దొడ్లు కట్టుకున్నారు. నన్నేమో వంతెన మీద సుంకం గేటుకి కొట్టారు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళకి ఒళ్ళు మండి ఒకనాడు ఆ గేటూ నరికారు. అప్పుడే ఏ పొయ్యిలోనో పడి బూడిదైనా బాగుండేది. ఊరి బడి నడిపే ప్రిచర్డ్ మాస్టారి కంట పడ్డాను, ఈ చిల్లు పొడిచి పురికొస కట్టాడు, నా ఖర్మ.

ఆయన కన్నతల్లికి వెల్ష్ తప్ప ఇంకో మాట రాదు. అలాంటివాడు, బళ్ళో ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబట్టి, ఎవరి నోట వెల్ష్ వినపడినా వాళ్ళ మెడలో నన్ను వేసేవాడు. నన్ను వదిలించుకోవాలంటే ఆ పిల్ల ఇంకో పిల్ల వెల్ష్ మాట్లాడగా విని, పేరు చెప్పాలి. సాయంత్రం గంట కొట్టేసరికి నేనెవరి మెడలో ఉంటే వాళ్ళకి బెత్తం. పిల్లల చేత పిల్లల మీద చాడీలు చెప్పించే చదువు! తండ్రులైనా అడిగారా? "మంచిదే మాస్టారూ, వంతెన అవతల పని దొరకాలంటే ఇంగ్లీషు రావద్దూ" అని టోపీలు తీసి తలలూపారు. ఛీ, ఆ మాట విన్నప్పుడల్లా చెదలు పట్టినా బాగుండునని ఉండేది.

ఒకరోజు మాబ్లీ అనే తొమ్మిదేళ్ళ పిల్ల మెడలో పడ్డాను. దాని చెల్లెలు నెస్టాకి ఐదేళ్ళు. బడికి అదే మొదటిరోజు, ఇంగ్లీషు ముక్క రాదు. గడపలో బెదిరిపోయి ఏడిస్తే, "ఏడవకే, నేనున్నాగా" అని అక్క వెల్ష్‌లో అంది. అంతే, దానికే.

పక్కన కూచున్న రొట్టెలవాడి కూతురు హారియెట్ గిల్లింది. "ఏమే చెక్కమెడా, మీ చెల్లి గొణుగుతూనే ఉందిగా. పేరు చెప్పేసి వదిలించుకోవే!"

మాబ్లీ చెల్లెల్ని తన పక్కకి లాక్కుంది.

మధ్యాహ్నం చిన్నది అక్క చెవిలో, వెల్ష్‌లోనే, "అక్కా, ఒంటికొస్తోందే" అంది. మాబ్లీ లేచి ఇంగ్లీషులో, "మా చెల్లి బయటికెళ్ళాలండీ" అంది.

మాస్టారు నవ్వాడు. ఆ నవ్వు మీద మన్నుపొయ్య! "నీకెలా తెలుసు? చెప్పిందా? ఏ భాషలో చెప్పిందేం?"

వెల్ష్‌లో చెప్పిందని మాబ్లీ ఒప్పుకుంటే నేను ఆ పసిదాని మెడకి పోతాను.

"చెప్పలేదండీ. కాళ్ళు ముడుచుకు కూచుంది. అక్కనండీ, చూస్తే తెలీదా?"

మాస్టారు మొహం మాడ్చుకుని చిన్నదాన్ని పంపాడు. పెద్దదాన్ని వదుల్తాడా? గంట కొట్టాక చేతులు చాపించి ఆరు పీకాడు. తర్వాత నన్ను కిటికీ పక్క మేకుకి తగిలించాడు. అక్కణ్ణించి చూశాను. వాకిట్లో నెస్టా తన అక్క అరచేతుల మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదుతోంది. "నెప్పిగా ఉందా అక్కా?" అని వెల్ష్‌లో అడిగింది. మాబ్లీ అటూ ఇటూ చూసి, ఇంగ్లీషులో "లేదు" అంది. చిన్నదానికి అర్థం కాలేదు, మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇంగ్లీషులోనే "లేదు".

చాలా ఏళ్ళకి బడి మూసేసి, నన్ను తెచ్చి ఊరి మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద మఖమలు గుడ్డొకటి, నా మొహానికి! ఒకనాడు తల నెరిసిన ఒకావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే ఆవిడ చెయ్యి మెడ మీదికి పోయింది. మాబ్లీ అని అప్పుడు పోల్చుకున్నాను.

"ఏంటి బామ్మా అది?" అంది పిల్ల ఇంగ్లీషులో. దానికి వచ్చిందల్లా అదొక్క భాషే.

మాబ్లీ అద్దం మీద వేలు ఆనించి, నా పురికొస వెంట మెల్లిగా గీసింది. చివరికి ఆవిడా ఇంగ్లీషులోనే, "ఏదో పాత చెక్కలేవే, పద" అంది.