పీత బ్లేడు

ఎనిమిది గంటలకల్లా సింహాచలం పదకొండు కట్టర్లకు సాన పట్టేశాడు. మిగిలినవాటితో పనుందో లేదో మధ్యాహ్నానికి తేలిపోతుంది, అయినా సాన పడుతూనే ఉన్నాడు. పలాసలోని ఈ జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లుగా అతని పని అదే. వంగిన నడుం, జీడి నూనెకు కాలి నల్లబడ్డ వేళ్లు. ఎదురుగా ఇరవైమంది ఆడవాళ్లు ఒక్కో జీడిపిక్కనూ కట్టర్లో పెట్టి పిడి నొక్కుతున్నారు. చివరి బల్ల దగ్గరున్నది అతని భార్య బంగారమ్మ.

అతను ఉద్దానం తీరాన వలలు లాగే ఇంట పుట్టాడు. చిన్నప్పుడు పీతను పట్టుకుని పూటల తరబడి చూస్తూ కూర్చునేవాడు. పీత డెక్కలో కింది పాయ కదలదు, పట్టుకుంటుందంతే. నొక్కేది పై పాయ. పట్టిన గుల్ల టప్‌మనగానే వదిలేస్తుంది. ఫ్యాక్టరీలో చేరిన రెండో ఏడు, పప్పంతా ముక్కలైపోతుంటే, అదే వాటంలో రెండు బ్లేడ్లు అరగదీసి బిగించాడు. పప్పు విరగకుండా గుండుగా రాలింది. ఆడవాళ్లు దానికి పీత బ్లేడని పేరు పెట్టారు. ఊళ్లో మిగతా ఫ్యాక్టరీలవాళ్లూ చూసి చేయించుకున్నారు. చేసిందెవరని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడో లేదో, అంత మొద్దు మనిషి.

పిక్కలు కోసే కొత్త మెషీన్ వచ్చి నాలుగు రోజులైంది. ఇవాళ మధ్యాహ్నంలోగా అది విరగని గుండ్లు తీస్తే రేపటినుంచి ఆడవాళ్లు రానక్కర్లేదు, తీయలేకపోతే మెషీనే వెనక్కి పోతుంది. ఓనరు తారకేశ్వరరావు పొద్దున్నే అందరి ఎదుటా ఆ మాట చెప్పేశాడు.

“ప్రకృతిని చూసి డిజైన్ చేశామండీ. పీత డెక్క ఐడియా,” అంటూ మెషీన్ తెచ్చిన ఇంజనీరు ఫణీంద్ర ఫోన్లో బొమ్మ చూపించాడు.

“పీతా?” అన్నాడు సింహాచలం. తన వాటమే అది, లోపల ఏదో అనిపించాలని తెలుసు. ఏమీ అనిపించలేదు.

మెషీన్ పిక్కలు మింగి ముక్కలు కక్కింది. పన్నెండైంది. తప్పెక్కడుందో సింహాచలానికి చూడగానే తెలిసిపోయింది. పిక్క టప్‌మన్నాక కూడా పై బ్లేడు దిగుతోంది, వదలడం లేదు. నోరు మెదపకపోతే చాలు, ఆడవాళ్లందరూ గండం నుంచి గట్టెక్కుతారు. బంగారమ్మ అతని కళ్లలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అతను నోరైతే మెదపలేదు. చేతులే ఊరుకోలేదు. బ్లేడు సరిగ్గా కూర్చోకపోతే అలా వదిలేయడం ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారైనా ఎరిగితే కదా! ఫణీంద్ర టీకి వెళ్లగానే స్క్రూ వదులు చేసి, పై బ్లేడు మరీ దిగకుండా చిన్న రేకుముక్క అడ్డుపెట్టి బిగించాడు. బిగించాక గాని, తనేం చేశాడో అతనికి తెలియలేదు.

మళ్లీ మెషీన్ వేశారు. గుండ్లు రాలాయి.

“సాయంత్రానికి పాత కట్టర్లన్నీ ఇప్పీ, సింహాచలం,” అని తారకేశ్వరరావు భుజం తట్టి వెళ్లాడు.

బంగారమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. “ఏటి సేసినావు మావా?”

“బ్లేడు సరిగ్గా కూకోలేదే.”

“నాను వద్దని తలూపినాను కదా?”

“సూసినాను.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

“అన్నం తినీసి రా. నాను ఎల్తన్నాను,” అని, మిగతావాళ్లతో కలిసి గేటు దాటింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం కట్టర్లు విప్పుకుంటూ అతను చివరి బల్ల దగ్గరకొచ్చాడు. అరచేయి కాయలు కాయకుండా బంగారమ్మ ఆ పిడికి పాత చీర పేలిక చుట్టుకుంది. ముడి విప్పబోతే ఊడి రాలేదు. జీడి నూనెకు నల్లగా గట్టిపడి ఇనుముకు అతుక్కుపోయిన ఆ పేలిక మీద, నాలుగు వేళ్ల గుంటలు.