మాస్టారి గురించి నాలుగు మాటలు

అది పేరుమోసిన మగపిల్లల బడి. అందులో సీటు కావాలంటే ముత్తాతల నాటి పరిచయాలు ఉండాలి. పెద్ద హాల్లో గోడ పొడవునా టేకు పలకలు, వాటి మీద పైకొచ్చిన పాత విద్యార్థుల పేర్లు బంగారు రంగులో మెరుస్తుంటాయి. మంత్రులు, డాక్టర్లు, సైన్యాధికారులు, ఒక జడ్జి. ప్రతి పేరు కిందా చిన్న అక్షరాల్లో ఆ విద్యార్థికి చదువు చెప్పిన మాస్టారి పేరు ఉంటుంది. నూట పన్నెండు పేర్లలో ఆడపేరు ఒక్కటీ లేదు. మగపిల్లల బడిలో ఆడపేరు ఎందుకుంటుందని అడుగుతారా? అదే చెప్పబోతున్నాను, కాస్త ఆగండి.

అరవయ్యారేళ్ళ ఇంజినీరమ్మ ఒకావిడ ఆ బడి గుమాస్తా ముందు కూర్చుని, "నా పేరు ఆ గోడ ఎక్కాలి నాయనా" అంది. పదకొండు వంతెనలు కట్టిన మనిషి. పట్టు పడితే ఉడుంపట్టే.

"ఇది మగపిల్లల బడి కదమ్మా" అన్నాడు గుమాస్తా, నవ్వాలో వద్దో తెలియక.

"యాభై నాలుగేళ్ళ కిందటి రిజిస్టరు తియ్యి. ఆరో తరగతి, ముప్పయ్యో పేరు."

తీశాడు. ఉంది. ఆ ఏడు రెండో సెక్షనుకి అనుమతి రావాలంటే ముప్పైమంది కావాలి, చేరింది ఇరవై తొమ్మిది. తెల్లారితే ఇన్‌స్పెక్టరు వస్తాడు. హెడ్మాస్టరు అటు చూసి ఇటు చూసి, హాస్టల్లో వంట చేసే ఆయన కూతురి పేరు రాసేశాడు. ఆ రిజిస్టరులో ఆడా మగా అన్న గడే లేదు, మగపిల్లల బడికి ఆ గడి దేనికి? ఇన్‌స్పెక్టరు తలలు కాదు, పేర్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పేరు కొట్టేయడం అందరూ మరిచిపోయారు. లెక్కల మాస్టారు మాత్రం మరవలేదు. "పేరుందిగా, వచ్చి కూర్చో" అని వంటింటి దగ్గర నుంచి పిల్లని పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. మూడేళ్ళు. పిల్లలు ఆమెని "ముప్పై" అని పిలిచేవాళ్ళు.

ఎనిమిదో తరగతి అయిపోగానే మాస్టారు కనపడలేదు. సొంతూరు వెళ్ళిపోయారని పిల్లలకి చెప్పారు. ముప్పైని కూడా ఇక రావద్దన్నారు. ఆమె వేరే బడిలో చేరి, చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మాస్టారి ఇల్లు వెతికి పట్టుకుంది. అప్పటికి ఆయన పోయి నెలయింది. తలుపు తీసిన కూతురు ఈమె ఎవరో విని, "ఓహో, ఆ పిల్లవి నువ్వేనా" అంది. "నీ మూలంగానే మా నాన్న నలుగురిలో తలెత్తుకోలేకపోయాడు. నడవడి బాగాలేదని కాగితం ఇచ్చి పంపారు. ఇంకో బడిలో ఎవరు రానిస్తారు? నిప్పు లేనిదే పొగ రాదని చుట్టాలంతా అన్నారు." తలుపు వేసేసింది.

ఆ రోజు ఇంజినీరమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. ఏడ్చాక లేచింది. మాస్టారికి తన మీద దురాలోచన ఒక్క క్షణం కూడా లేదని లోకంలో తెలిసినది తనొక్కతే. తను చెబితే ఎవరు నమ్ముతారు? బడే చెప్పాలి, ఆ హాల్లోనే చెప్పాలి.

అందుకు దారి ఉంది. గోడెక్కే ప్రతివారి తరఫునా, అదే తరగతిలో చదివి అప్పటికే గోడ మీద ఉన్నవాడొకడు మాస్టారి గురించి నాలుగు వాక్యాలు తన చేత్తో రాసి, హాల్లో నిలబడి చదవాలి. అది ఆ బడి ఆనవాయితీ. ఆ తరగతిలో గోడెక్కినవాడు ఒక్కడే, జడ్జి. మాస్టారి మీద ఫిర్యాదు ఎవరు పెట్టారో పాత తీర్మానాల పుస్తకంలో గుమాస్తా చూపించాడు. జడ్జి తండ్రి.

రిటైరైన జడ్జి ఆమెను చూసి సంబరపడ్డాడు. "ముప్పై! నువ్వా? కూర్చో కూర్చో." కాఫీ తెప్పించి, ఆ నాలుగు వాక్యాల కోసం ఆమె తెచ్చిన ఫారం అక్కడికక్కడే నింపేశాడు. మాస్టారు క్రమశిక్షణ గలవారు, లెక్కలు చక్కగా బోధించేవారు, వగైరా.

ఆమె చదివి ఫారం వెనక్కి తోసింది. "ఈ నాలుగు ముక్కలూ ఏ మాస్టారి మెళ్ళో వేసినా సరిపోతాయి. ఆయన్ని ఎందుకు పంపేశారో రాయి."

"అదంతా ఇప్పుడెందుకు" అన్నాడు జడ్జి. పని ఉందని లోపలికి వెళ్ళిపోయాడు.

రెండోసారి వెళితే జడ్జి భార్య వచ్చి, ఆయన ఊళ్ళో లేరండీ అంది. "చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయిగా తల్లీ, ఉత్త కాళ్ళతో ఎంత దూరం వెళ్తాడులే. కూర్చుంటాను" అని ఇంజినీరమ్మ సోఫాలో స్థిరపడింది. పది గంటలకి కూర్చున్న మనిషి ఒంటిగంట దాకా కదల్లేదు. ఆకలికి ఆగలేక జడ్జే బయటికొచ్చాడు.

"మీ నాన్నకి ఎవరు చెప్పార్రా?" అంది ఆమె. యాభై ఏళ్ళ తర్వాత ఆ "రా" ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. "నాకప్పుడు పద్నాలుగేళ్ళు" అన్నాడు.

"నాకూ పద్నాలుగే."

"అది హాల్లో చదవాలి ముప్పై. నా మనవలు అదే బడిలో చదువుతున్నారు. వాళ్ళ ముందు నా పరువేం కావాలి?"

"పరువు పోతే ఎలా ఉంటుందో మాస్టారి ఇంటికెళ్ళి అడుగు. నీ పేరు గోడ మీంచి తుడిచేయమని నేను అనలేదు. ఉండనీ. ఆయన్ని దాని పక్కన నిలబెట్టమంటున్నాను." ఖాళీ ఫారం బల్ల మీద పెట్టి లేచింది. "ఇరవయ్యో తారీఖు గడువు. ఇవ్వకపోతే వచ్చే ఏడు వస్తాను. ఆపై ఏడూ వస్తాను. నాకు బీపీ లేదు, షుగర్ లేదు, చూసుకో."

పందొమ్మిదిన జడ్జి అంటించిన కవరు ఒకటి ఆఫీసులో ఇచ్చి వెళ్ళాడని గుమాస్తా ఫోన్ చేశాడు. లోపలేముందో ఎవరికీ తెలియదు. హాల్లో చదివేదాకా విప్పకూడదు. మళ్ళీ క్రమశిక్షణ, చక్కటి బోధన అని రాసి ఉంటే? ఆమెకి వారం రోజులు అన్నం సయించలేదు. మాస్టారి కూతురికి మాత్రం ఒక ఉత్తరం రాసింది, ఒక్కసారి వచ్చి వినమని.

పేరు గోడెక్కించే రోజు హాలు కిక్కిరిసింది. మాస్టారి కూతురు వచ్చింది. పలకరించకుండానే, ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ ఇంజినీరమ్మ పక్కనే కావడంతో అందులో కూర్చుంది. ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు లేచి వెళ్దామా అన్నట్టు వాకిలి వైపు చూస్తోంది.

జడ్జి లేచాడు. కవరు విప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"మా లెక్కల మాస్టారు ఒక ఆడపిల్లకి లెక్కలు చెప్పారు. అంతకు మించి ఆయన ఏమీ చేయలేదు. ఆ పిల్లకి మొదటి ర్యాంకు, నాకు రెండో ర్యాంకు ఎందుకొచ్చిందని మా నాన్నగారు అడిగితే, దెబ్బలు తప్పించుకోవడానికి వాళ్ళిద్దరి గురించి ఒక కథ అల్లి చెప్పింది నేను. అది అబద్ధమని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో వరసలో జడ్జి మనవలు తలలు దించుకున్నారు. ఆయన కాగితం మడిచి, కూర్చోకుండా, నిలబడే ఉండిపోయాడు.

ఇంజినీరమ్మకి గుండెల మీద నుంచి బండరాయి దిగినట్టయింది. గెలిచానని పక్కకి తిరిగింది. మాస్టారి కూతురు ముఖంలో సంతోషం లేదు.

"నాన్న సరిగ్గా ఇదే చెప్పాడు" అంది ఆవిడ. "బతికున్నన్నాళ్ళూ చెప్పాడు. మేమే నమ్మలేదు."