చిన్నక్షరాల పేరు

1989 ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఆ పొద్దున ఆనందరావు హుస్సేనీ ఆలంలోని ఇంట్లో ఒక్కడే కూర్చుని వేడి ఖిచిడీ, పుల్లటి ఖట్టా తిన్నాడు. తర్వాత నయాపూల్ దగ్గరి ఆఫీసు మేడగదిలో, భార్య కళావతి కుట్టిచ్చిన నీలం దిండు మీద కూర్చుని, పాత కంప్యూటర్లోని ఫైళ్ళను కొత్తదాని కోసం ఫ్లాపీల మీదికి ఎక్కించాడు. ఆయనది సన్నని మెడ, ముక్కుకు అటూ ఇటూ కళ్ళద్దాలు చేసిన గుంటలు. కళావతి పోయి రెండేళ్ళు. దిండు మధ్య కూడా గుంట పడింది.

ఆయనకు ఇవాళే రిటైర్మెంట్. ఎవరికీ గుర్తులేదు. ఆయనా గుర్తుచెయ్యలేదు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. పాత మిషన్ వైర్లు పీకేశారు. దాన్ని తీసుకుపోయే లారీ కింద ఆగింది. గది ఊడ్చే సాయిలు చీపురు పట్టుకునే అడిగాడు.

"సార్, నా హాజరు గూడ కొత్త మిషిన్లకు పోయిందా? రేపే గద కమిటీ."

సాయిలు ఎనిమిదేళ్ళుగా దినకూలీ. ఆ హాజరు చూసే కమిటీ పర్మినెంటు చేస్తుంది. కాగితం రిజిస్టర్లు ఎప్పుడో చెదలపాలయ్యాయి.

అతని ముచ్చట తీర్చడానికి ఆనందరావు కొత్త కంప్యూటర్లో ఫైలు తెరిచాడు. పేరు సాయిలుదే. లోపలి వివరాలు అదే పేరున్న పర్మినెంటు డ్రైవరువి.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. పర్మినెంటు వాళ్ళ ఫైళ్ళకు ఇంగ్లీషు పెద్దక్షరాల పేర్లు, దినకూలీలకు చిన్నక్షరాలు. పాత మిషన్‌కు అవి వేరువేరు పేర్లు. కొత్తది ఆ తేడా ఎరగదు, దానికి అన్నీ పెద్దక్షరాలే. ఒకే పేరున్న చోట రెండోసారి ఎక్కిన ఫైలు మొదటిదాన్ని చప్పుడు లేకుండా తుడిచేసింది.

అసలు ఫైలు ఇంక పాత మిషన్లోనే ఉందని ఆనందరావు సాయిలుతో అంటుంటే, అధికారి పురుషోత్తం గుమ్మంలోనే విన్నాడు. "ఒక్క కూలీ కోసం లారీ ఆపమంటారా, ఆనందరావుగారూ?"

ఆనందరావు ఏనాడూ అధికారికి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. మోకాళ్ళ మీద వంగి వైరు మళ్ళీ తగిలించాడు.

మెట్ల మీద నిలబడ్డ లారీ డ్రైవర్ యూసుఫ్ ఒక క్షణం చూశాడు. టైర్లలో గాలి తక్కువుందని, కొట్టించుకొస్తానని పురుషోత్తానికి చెప్పి, దిగుతూ ఆనందరావుకు మెల్లగా ధైర్యం చెప్పాడు. "ఫికర్ నక్కో, చచా."

మిషన్ గురగురలాడింది. తెర నల్లగానే ఉంది. చాలాసేపటికి అక్షరాలు వెలిగాయి. ఆనందరావు దినకూలీల ఫైళ్ళకు ఒక్కొక్కదానికే పేరు ముందు ఒక అంకె తగిలించి, మళ్ళీ ఫ్లాపీకెక్కించాడు. కొత్త మిషన్లో తెరిచి, వేలితో వరస వెంట వెళ్ళాడు.

చదువురాని సాయిలు తెర వంక కాక, ఆయన ముఖం వంక చూశాడు. "ఉన్ననా సార్?"

"ఉన్నవ్ సాయిలు. అన్ని రోజులూ ఉన్నవ్."

కింద లారీ హారన్ మోగింది. నలుగురు కలిసి పాత మిషన్‌ను దించారు. ఆనందరావు టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, రోజూలాగే మెట్లు దిగాడు.

"రేపు జల్ది వచ్చి మీకు మంచి నీళ్ళు వెడ్త సార్," అన్నాడు సాయిలు పైనుంచి. ఆయన తలెత్తి చూసి, చెయ్యి ఊపి, వంతెన వైపు నడిచాడు.

సాయిలు గది ఊడ్చాడు. సార్ రేపొచ్చి కూర్చుంటాడని నీలం దిండు మీది దుమ్ము దులిపి, మధ్యలో గుంట చెదరకుండా కుర్చీలో తిరిగి పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.