ప్రవళిక చెప్పులు ఉరికిన రోజు

ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే రాలిపోవాలి.

మిర్యాలగూడలో బియ్యం మిల్లులు తిరిగితే సూర్యాపేటలో కంచాలు గలగలలాడతాయి. అలాంటి ఓ మిల్లు పక్కనే ఉంది చర్చి. ఫాదర్ ముందు మోకరించి తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి ముందు ఉపదేశి రాజమ్మ పదో తరగతి పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఎవరి బతుకును వాళ్లనే వెనక్కి చూసుకోమంటుంది. అప్పుడు వాకిట్లో విడిచిన చెప్పులు లేచి, ఎవరు ఎక్కడ తప్పు చేశారో అక్కడికి పోయొస్తాయి. కిరాణా కొట్టుకు కొన్ని, సెల్లు షాపుకు కొన్ని. ఎప్పుడూ ఉన్నదే. ఆటోవాళ్లు హారన్ కొట్టి తప్పుకుంటారు.

ఆ శనివారం చాప మీద కూర్చున్న ప్రవళిక గుండె మిల్లు మోటారు కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

“సింధు ఏదే?” అంది రాజమ్మ.

“కడుపునొప్పంట టీచర్,” అంది ప్రవళిక.

కడుపునొప్పీ లేదు, కాకరకాయా లేదు. పరీక్షలో ఇద్దరూ కలిసి కాపీ కొట్టారు. సింధు ఆ సంగతి ఫాదర్ దగ్గర చెప్పుకుంటానంది. చెప్పుకుంటే తన పేరూ బయటపడుతుందని భయపడి, పిల్లికూనలు చూద్దామంటూ ప్రవళిక ఆమెను మిల్లు గోదాములోకి తీసుకుపోయి, బయట గొళ్లెం పెట్టి వచ్చేసింది. ఫాదర్ వెళ్లాక తీస్తే సరిపోతుందనుకుంది.

“పక్కోళ్ల సంగతి ఇడిసిపెట్టుండ్రి బిడ్డా,” అంటోంది రాజమ్మ. “నేను చేసినదానికి ఇప్పుడు ఎవరికి నొస్తున్నదో, గది సూడుండ్రి.”

ప్రవళిక ఓరకంట వాకిలి చూసింది. తన చెప్పులు లేచాయి. బడివైపు పోతాయనుకుంటే మిల్లువైపు తిరిగాయి. నడవడం కాదు, ఉరుకుతున్నాయి!

“నీ చెప్పులు గోదాము దిక్కు పోతున్నయేందే?” పక్కనుంచి యశ్వంత్ గుసగుసలాడాడు. “ఆడ మా నాయిన పురుగుల మందు పెడుతుండు. వారం దాక తలుపు తీయరు.”

ప్రవళిక ఒంట్లో నెత్తురంతా ఆవిరైపోయింది. ఉత్త కాళ్లతో పరుగెత్తింది. ఆ నాలుగడుగుల దారి కోదాడ దాకా సాగింది.

యశ్వంత్ తండ్రి పరశురాములు అప్పటికే తలుపు సందులకు తడిమట్టి మెత్తి, నిచ్చెనెక్కి, పైకిటికీలోంచి మందుగోళీలు వెయ్యబోతున్నాడు. కింద చెప్పులు రెండూ, పట్టీలు తెగినా ఆగకుండా, తలుపును తంతున్నాయి. అతని చెయ్యి ఆగిపోయింది. చర్చి చెప్పులు ఉత్తపుణ్యానికి ఏ తలుపునూ తన్నవు.

“ఎవరియి గివి?”

“నాయే మామా! లోపల సింధు ఉంది! నేనే గొళ్లెం పెట్టిన!”

మట్టి రాలింది, తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా ఊకతో, చంకలో పిల్లికూనతో సింధు బయటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు గుమ్మడికాయలయ్యాయి.

“ఎంత మొత్తుకున్నా మిల్లు సప్పుడుల ఎవ్వలికీ ఇనబడలే,” అంది. “నీ చెప్పుల సప్పుడు మాత్రం నాకు ఇనబడ్డది.”

ప్రవళిక ఆమె కాళ్ల మీద పడి, కాపీ సంగతీ తన భయమూ అన్నీ చెప్పేసింది. వెనకే రొప్పుతూ వచ్చిన రాజమ్మ అదంతా వింది. “పిచ్చిదానా, అది నీ పేరెందుకు చెప్తదే? ఫాదర్ తాన ఎవరిది వాళ్లే చెప్పుకునుడు!”

ఆ పూట ప్రవళిక ఫాదర్ ముందు మోకరించి లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది.

సరే, నోరు తెరుచుకుని కూర్చోకు. ఆ చెప్పుల తెగిన పట్టీలను బస్టాండు ముందర చెప్పులు కుట్టే సీత కుట్టి పెట్టింది. పోయి తెచ్చి ప్రవళికకు ఇచ్చి రా. చేతుల్లోనే పట్టుకో సుమా. దారిలో ఎక్కడైనా కింద పెట్టావో, అవి నీ సంగతి మొదలుపెడతాయి.