ఊరికే ఇచ్చిన వెన్నెల

పెళ్లయిన మూడో నెలలో ధాత్రికి ఒక సంగతి తెలిసింది. అమీర్‌పేట మొత్తమ్మీద అడక్కుండా ఏదీ కాపీ చెయ్యని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను తన మొగుడు.

మైత్రీవనం దగ్గర ఫుట్‌పాత్ మీద ఏ సాఫ్ట్‌వేర్ సీడీ అయినా దొరుకుతుంది, కొత్తిమీర కట్టల్లా పేర్చి ఉంటాయి. ఆ వీధిలోనే రెండో అంతస్తులో కేదార్ పగలంతా కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. సాయంత్రం మధురానగర్‌లోని రెండు గదుల ఇంటికొచ్చి, ఇప్పుడెవరూ వాడని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెదుకుతాడు. యజమానుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తన వెబ్‌సైటులో పెడతాడు. ఎవరైనా దించుకోవచ్చు. రెండేళ్లలో నలుగురు అనుమతిచ్చారు. పదహారుమంది దించుకున్నారు. అందులో ఒకాయనది పోలండ్. ఆయన రాసిన ఉత్తరాన్ని కేదార్ ప్రింటు తీసి పెళ్లి ఫొటో పక్కన అంటించాడు. ఉత్తరం వచ్చిన రోజు తీసిన ఫొటో కూడా ఒకటుంది. రెండిట్లో ఆ రోజు ఫొటోలోనే బాగా నవ్వాడని ధాత్రి తేల్చింది.

“ఆపరేటింగ్ సిస్టమంటే కంప్యూటర్లో అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాము,” అని మొదటి వారంలో అతను వివరించాడు. “ఇంట్లో ముందు లేచి పొయ్యి వెలిగించే మనిషి లాగా.”

“మనింట్లో ఎవరు?”

“నేనే.”

అది నిజం. పొద్దున కాఫీ అతనే పెడతాడు. అందుకే ధాత్రికి ఆపరేటింగ్ సిస్టమ్‌లంటే గౌరవం కలిగింది.

ఇప్పుడతనికి కావలసింది ‘వెన్నెల’ అనే ఆపరేటింగ్ సిస్టమ్. పద్నాలుగేళ్ల కిందట పంజగుట్టలో జోగారావుగారనే ఆయన ఆరేళ్లు కూర్చుని తయారు చేశారు. తెరమీద తెలుగులో మాట్లాడేది. తొమ్మిది ఆఫీసులు కొన్నాయి, తొమ్మిదీ మానేశాయి. కంపెనీ మూసేసినప్పుడు దాని హక్కులూ, మూడు ఫ్లాపీలూ ఆయనకే మిగిలాయి. ఇప్పుడింకెక్కడా ప్రతి మిగల్లేదు. బూజు పట్టిన ఆ పెట్టెను ఆదివారం పాత సామాన్లవాడికి వేసేస్తానని ఆయన భార్య స్వరాజ్యంగారు ఫోనులో చెప్పారు. ఆవేళ శుక్రవారం.

సాయంత్రం ఇద్దరూ స్కూటరు మీద పంజగుట్ట వెళ్లారు. కేదార్ నాలుగు పేజీల ఇంగ్లీషు అనుమతి పత్రం ముందుపెట్టి, వినయంగా మొదలెట్టాడు.

“మీ వెన్నెలను ఊరికే అందరికీ పంచుదామనుకుంటున్నామండీ.”

జోగారావుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. “ఊరికేనా?”

“అవునండీ. పూర్తిగా ఊరికే,” అన్నాడు కేదార్, ఆయనకు అనుమానం మిగలకూడదని.

“ఊరికే తిరిగేవాళ్లుంటారు. ఊరికే వాగేవాళ్లుంటారు. నేను ఆరేళ్లు ఊరికే కూర్చోలేదు బాబూ. పాత సామాన్లవాడైనా తూకం వేస్తాడు. నువ్వు అది కూడా వెయ్యనంటున్నావు.”

నాలుగు పేజీలూ వెనక్కి వచ్చాయి. కొత్త పెళ్లికూతురు మొదటిసారి ఇంటికొచ్చిందని స్వరాజ్యంగారు ధాత్రికి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కా, రెండు అరటిపళ్లూ ఇచ్చారు. మొగుడు చీవాట్లు తిన్న ఇంట్లో పెళ్లానికి చిలకాకుపచ్చ జాకెట్టు ముక్క దొరికింది. రంగు బాగుందని సంతోషించాలో వద్దో ధాత్రికి తేలలేదు. కాసేపాగి సంతోషించింది.

దారిలో కేదార్ స్నేహితుడు మహేశ్ జిరాక్స్ షాపు దగ్గర ఆగారు. మహేశ్ సంగతంతా విన్నాడు.

“గా పెద్దాయన ఇయ్యకుంటే ఏందన్నా? చూసిస్తనని ఫ్లాపీలు తే. అద్దగంటల కాపీ కొడ్దాం. గాయనకెట్ల ఎర్కైతది?”

“నాకు తెలుస్తుందిగా.”

మహేశ్ అతన్ని వదిలి ధాత్రి వైపు తిరిగాడు. “వదినా, మస్తు మంచోన్ని చేస్కున్నవ్. జర కష్టమే నీకు.”

ధాత్రి దాన్ని పొగడ్త కిందే జమ వేసుకుంది.

ఇంటికెళ్లే ముందు కాలనీ పార్కులో సిమెంటు బెంచీ మీద కూర్చుని అరటిపళ్లు తిన్నారు. “ఇవ్వకపోవడం ఆయన హక్కు. ఎల్లుండితో పోతుంది, అంతే,” అన్నాడు కేదార్. ఆ రాత్రి భోజనంలో పెరుగన్నం వద్దన్నాడు. మూడు నెలల్లో పెరుగన్నం వద్దనడం ఇదే మొదలు. వ్యవహారం ఇంత దూరం వచ్చిందని ధాత్రికి అప్పుడర్థమైంది.

చొక్కా మడత పెడుతుంటే వీపు మీద బెంచీ దుమ్ము అచ్చు కనబడింది. ఆ బెంచీ వెనక అక్షరాలు చెక్కి ఉంటాయి: ‘కీ.శే. అరుణాదేవి జ్ఞాపకార్థం కాలనీకి ఇచ్చినది.’ అందరూ కూర్చుంటారు. ఎవరూ అమ్ముకోరు. ఎవరూ పేరు చెరపరు. నాలుగు పేజీల ఇంగ్లీషులో ఉన్నదీ ఇంతే కదా అనుకుని, ధాత్రి కాగితం తీసుకుని తెలుగులో అరపేజీ రాసింది.

శనివారం పొద్దున ఇద్దరూ మళ్లీ పంజగుట్ట వెళ్తే జోగారావుగారు తలుపు తీసి, “ఏంటమ్మాయ్, మళ్లీ ఊరికేనా?” అన్నారు.

“అవును బాబాయిగారూ. ఊరికే. అంటే ఊరికండీ. మాకొద్దు, ఊరికే ఇవ్వండి. నిన్న మా ఆయన అన్నదీ అదే.”

జోగారావుగారు కేదార్ వైపు చూశారు. “నువ్వు ఆ అర్థంతోనే అన్నావా?”

“లేదండీ,” అన్నాడు కేదార్.

తన మొగుడు అబద్ధం ఆడడన్న సంగతి ధాత్రి హడావుడిలో మరిచిపోయింది.

లోపల్నుంచి స్వరాజ్యంగారి గొంతు వినిపించింది. “ఆ తొమ్మిది ఆఫీసులూ తలా పది కాపీలు చేసుకున్నాయి. ఒక్కడైనా అడిగాడా? గుమ్మంలోకొచ్చి అడిగినవాడికేమో మీ పంతం!”

జోగారావుగారు కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివారు. వెన్నెలను ఎవరైనా వాడుకోవచ్చు, ప్రతి తీసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. అమ్మకూడదు. చేసినవారి పేరు తియ్యకూడదు.

“ఏ ఊరికి?”

“అన్ని ఊళ్లకీ. పోలండ్‌కి కూడా.”

ఆయన పెన్ను తీశారు. ‘ఊరికి ఇస్తున్నాను’ అన్నచోట ‘కి’ కొట్టేసి ‘కే’ చేశారు. కింద సంతకం, తేదీ. పెట్టె ఆయనే మోసుకొచ్చి స్కూటరు మీద పెట్టారు.

మధ్యాహ్నానికి రెండు ఫ్లాపీలు తెరుచుకున్నాయి. మూడోదాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే నాలుగోసారికి కదిలింది. ప్రతులు తీశాక కేదార్ వెన్నెలను నడిపి చూశాడు. నల్లని తెర మీద పచ్చటి అక్షరాలు లేచాయి: ‘దయచేయండి.’

ఇద్దరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. కాసేపయ్యాక కేదార్ ఆపమని ఆదేశం ఇచ్చాడు. అది వెంటనే ఆగలేదు. ‘వెళ్లొస్తాను’ అని తెర మీద రాసి, జవాబు కోసం నిలబడింది.

“వెళ్లిరా,” అంది ధాత్రి. కేదార్ ఎంటర్ నొక్కాడు.

ఆ పూట అతను పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.