పుచ్చు

కాయ చేతిలోకి వచ్చాక ఆలోచించే మనిషి మదనపల్లె టమోటా మండీలో పనికిరాడు. చెంగల్రాయుడి చేతులు ఆ ఆలోచనేదో ముందే చేసేసుకుంటాయి. గుట్టగా పోసిన కాయల ముందు పీట వేసుకుని కూర్చుని, ఎడమచేత్తో దోరవి, కుడిచేత్తో పండినవి ఏరి వేరువేరు బాక్సుల్లో వేస్తుంటాడు. దోరకాయ దూరదేశం పోతుంది. పండుకాయ దగ్గరి ఊళ్ళకు పోతుంది. పగిలిందీ పురుగు తొలిచిందీ ఎక్కడికీ పోదు, గోడవారన పడుంటుంది. మండీలో దాన్ని పుచ్చు అంటారు. మధ్యాహ్నం ఎప్పుడో ఆవులున్నవాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు.

యాభై దాటిన మనిషి. పొడగరే కానీ వంగి నడవడం వల్ల ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెవుల మీద తెల్లవెంట్రుకలు, మోకాళ్ళ దగ్గర రంగు వెలిసిన లుంగీ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పేకకట్ట. వేళ్ళకు మాత్రం టమోటా పసరు నల్లగా పట్టి ఉంటుంది. ఆ మరక ఏ సబ్బుకూ లొంగదు, పచ్చికాయ నలిపి రుద్దితేనే వదులుతుంది. మండీలో ఎవరూ అంత శ్రమ పడరు, సాయంత్రానికి మళ్ళీ అంటుకునే మరకకు ఎందుకని. చెంగల్రాయుడు మాత్రం టీకి లేచే ముందు రోజూ ఒక కాయ నలిపి, ఒక్కొక్క వేలూ రుద్దుకుని, కొళాయి కింద కడుక్కుని మరీ పోతాడు. తోటివాళ్ళు దాన్ని శుభ్రం అనుకున్నారు. అనుకోనీ.

ఆ రోజు కూడా చేతులు కడుక్కుని రమణమ్మ బండి దగ్గరికి వెళ్ళాడు. మండీ గేటు పక్కనే ఆమె టీ బండి. భర్త చనిపోయిన ఏడాదే పెట్టుకుంది. ఇడ్లీపాత్ర దించుతూ కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది. ఆ మణికట్టు నొప్పి అతనికి తెలుసు, చలికాలంలో ఎక్కువవుతుందని కూడా తెలుసు. బండి కింద ఒక కొత్త బ్యాగు ఉంది. అది మాత్రం తెలియదు.

"యాడికో పోయేటట్టుండావే" అన్నాడు.

"మా తమ్ముడు మునెప్ప ఫోన్ చేసినాడప్పా. కుప్పంలో ఆస్పత్రి కాడ మెస్సు పెడతాండాడు కదా. వంట నువ్వే సూసుకో, ఈ పొద్దు సాయంత్రానికి వచ్చెయ్యి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటా అంటాండాడు." గ్లాసు అందించింది. అందించాక చేయి వెంటనే తీసుకోలేదు. "నువ్వేమంటావు?"

చెంగల్రాయుడు టీలోకి చూశాడు. ఉండిపో అనే మాట గొంతులో ఎన్నాళ్ళనుంచో ఉంది. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"నీ ఇష్టం రమణమ్మా. మంచిదే కదా."

ఆమె తలాడించి పాలు పొంగుతున్నాయని అటు తిరిగింది. పాలు పొంగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రమణమ్మ మండీలో ప్రతి మగవాణ్ణీ అన్నా అంటుంది. దళారీని, లారీ డ్రైవరును, తనకంటే పదేళ్ళు చిన్నవాణ్ణి కూడా. చెంగల్రాయుణ్ణి మాత్రం ఏనాడూ అన్నా అనలేదు. అప్పా అంటుంది, ఆ వైపు అందరూ అందరినీ అనుకున్నట్టే. ఈ తేడా అతను మొదటి ఏడాదే గమనించాడు. గమనించి, బోర్లా ఉన్న ముక్కను ఎత్తి చూడకుండా వదిలేసినట్టు, అలాగే వదిలేశాడు.

వదిలేయడం అతనికి కొత్త కాదు. చౌడేపల్లె దగ్గర మెట్టభూమి పంచుకున్నప్పుడు బోరున్న వైపు తమ్ముడు కావాలన్నాడు, నువ్వే తీసుకో అన్నాడు. మిగిలిన వైపు రాళ్ళు ఏరడానికి తప్ప దేనికీ పనికిరాక చివరికి మండీలో కాయలు ఏరడానికి వచ్చాడు. వయసులో ఉండగా గుర్రంకొండలో ఒక సంబంధం చూశారు. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఇతన్ని చూసి నవ్వింది కూడా. ముందు చెల్లెలి పెళ్ళి కానీ అని ఇంట్లో అన్నారు, సరే అన్నాడు. చెల్లెలి పెళ్ళి అయ్యేసరికి గుర్రంకొండ అమ్మాయి చంకలో బిడ్డ ఉంది. ఇప్పుడు పుంగనూరులో ఒక గది, ఒక స్టవ్వు. రోజూ బస్సులో వచ్చి బస్సులో పోతాడు. సీటు దొరికితే ఎవరో ఒకరికి ఇచ్చేస్తాడు.

వేలం ముగిసి లారీలు కదిలాక మండీ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు వెనక రేకుల షెడ్డులో గోనెపట్ట పరిచి మూడు ముక్కలాట. పందెం చింతగింజలు, ఆట అయ్యాక అన్నీ మళ్ళీ ఒకే డబ్బాలోకి. ఆడేది నలుగురే: కాటా దగ్గర పనిచేసే లక్ష్మయ్య, కాయలు ఏరే సరస్వతమ్మ, రమణమ్మ, చెంగల్రాయుడు. ముక్కల వీపుల నిండా టమోటా మరకలు. ఆ మరకలు గుర్తుపెట్టుకుని ముక్క కనిపెట్టే దొంగబుద్ధి వాళ్ళలో ఒక్కరికీ లేదు.

ఆటలో "సైడు" అని ఒకటుంది. ముగ్గురు మిగిలినప్పుడు, నా ముక్కలు పెద్దవా నీవి పెద్దవా అని పక్కవాళ్ళను అడగడం. అడిగేవాళ్ళు ముందు తమ ముక్కలు చూసుకుని ఉండాలి, చూడకుండా సైడు అడగకూడదు. మామూలుగా ఇద్దరూ ఒకరివొకరు చూసుకుంటారు. ఈ మండీలో పద్ధతి వేరు. అడిగినవాళ్ళు తమ ముక్కలు పక్కవాళ్ళ చేతికిస్తారు, పక్కవాళ్ళొక్కరే రెండూ చూస్తారు. ఇచ్చినవి పెద్దవైతే తిరిగిచ్చి తమవి పడేసి ఆటలోంచి తప్పుకుంటారు. చిన్నవైతే వాటినే కుప్పలో కలిపేస్తారు, అడిగినవాళ్ళు ఓడినట్టే. పక్కవాళ్ళ ముక్కలు ఇంతకూ ఏమిటని ఎవరూ అడగరు. మాట మీద నడిచే ఆట.

ఆ మాటనే చెంగల్రాయుడు ఏళ్ళుగా తప్పుతున్నాడు. రమణమ్మ సైడు అడిగిన ప్రతిసారీ ఆమె ముక్కలు తిరిగిచ్చేసి తనవి పడేస్తాడు. ఆమె చేతిలో తొమ్మిది పెద్దముక్కగా ఉన్నప్పుడు తన ఆసుల జోడీని బోర్లా పడేసిన రోజులున్నాయి. చింతగింజలు రెండు చేతులతో తనవైపు లాక్కుంటూ ఆమె నవ్వుతుందే, దానికోసం. అతనికి తెలిసిన ప్రేమ అదొక్కటే, ఎదుటిమనిషిని గెలిపించి పక్కకు జరగడం. మిగతావాళ్ళకు ఇదేమీ తెలియదు. రాయుడు పడేశాడంటే ఎదుటివాళ్ళ దగ్గర పెద్దదే ఉందని లక్ష్మయ్య గట్టినమ్మకం.

ఆ మధ్యాహ్నం లక్ష్మయ్యే ముక్కలు పంచుతూ అన్నాడు. "ఇంతకూ పోతాండావా, లేదా? రేపు టీకి యాడికి పోవాల్నో సెప్పమ్మా."

"ఈ ఆట సెప్తాదిలే అన్నా" అంది రమణమ్మ. "నేను గెలిస్తే కుప్పం బస్సెక్కేస్తా. ఓడిపోతే ఈడనే ఉంటా."

"పేకముక్కల్ని అడిగి పోతారా యాడన్నా?" సరస్వతమ్మ నవ్వింది.

"మనుషుల్ని అడిగితే సెప్పలేదు మరి" అంది రమణమ్మ, నవ్వుతూనే. చెంగల్రాయుడు తన ముక్కలు సర్దుకుంటున్నాడు.

సరస్వతమ్మ మొదటి చుట్టులోనే పడేసింది. లక్ష్మయ్య మీసం కింద ఏదో లెక్క వేసుకుని గింజలు వేశాడు. చెంగల్రాయుడి చేతిలో రెండు రాజులు, ఒక ఏడు. మంచి ముక్కలే. గింజలు వేశాడు. రమణమ్మ తన మూడూ ఎత్తి చాలాసేపు చూసుకుంది. ఆమె అంతసేపు చూసుకోవడం ఎప్పుడూ లేదు. తర్వాత గింజలు వేసి, ముక్కలు బోర్లా పట్టి అతనివైపు చాపింది.

"సైడు అప్పా."

అందుకుని, గుండెకు దగ్గరగా పెట్టుకుని విప్పాడు. ఇస్పేటు రెండు. ఆఠీను మూడు. కళావరు అయిదు. ఆట మొత్తంలో ఇంతకన్నా చిన్నచేయి లేదు. ఎవరి దగ్గర ఏమున్నా దీన్ని కొడుతుంది. మండీవాళ్ళు దానికి కూడా పుచ్చు అనే పేరు పెట్టుకున్నారు.

కుప్పలో కలిపేస్తే చాలు. ఆమె ఓడిపోతుంది. ఓడిపోతే ఉంటానంది. నవ్వులాటకే అని ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు. రేపు బండి దగ్గర గ్లాసు అందిస్తుంది, ఎల్లుండి అందిస్తుంది. అతని ఒళ్ళంతా అదే కోరుకుంది. అంతగా ఏదీ ఎప్పుడూ కోరుకోలేదు, బోరున్న పొలాన్ని కూడా.

కానీ బ్యాగు కొనుక్కుంది కదా. పోవాలని లేకపోతే ఎందుకు కొంటుంది? అక్కడ ఎండలో నిలబడే పని ఉండదు, తోడబుట్టినవాడి నీడ ఉంటుంది. పాపం ఈసారి ముక్కలు కూడా కలిసిరాలేదు. ఆమెకు అవసరమైన ఈ ఒక్కరోజున ఓడించి కూర్చోబెట్టేవాడు మనిషేనా? ఇలా అనుకుంటూ ఉండగానే చేతులు తమ పని తాము చేసేశాయి. ఆమె ముక్కలు మళ్ళీ ఆమెవైపే చాపాడు. తన రాజుల్ని బోర్లా పడేశాడు.

రమణమ్మ ముక్కలు అందుకోకుండా అతని మొహంలోకి చూసింది.

"బాగా సూసినావా అప్పా?"

"సూసినా."

"నాదే పెద్దదా?"

"నీదే రమణమ్మా."

అప్పుడు అందుకుంది. "రాయుడే పడేసినాడంటే ఇంక మనమెంత" అని లక్ష్మయ్య కూడా పడేశాడు. గింజలన్నీ ఆమెవే. ఆమె వాటిని లాక్కోలేదు, నవ్వలేదు. ముక్కల్ని కుప్పలో కలపకుండా చెంగల్రాయుడి చేతిలో పెట్టి, "ఇవి నీకాడ పెట్టుకో" అని లేచింది. కట్ట కట్టమంటోంది కాబోలనుకుని వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. బండి తాళంచెవి సరస్వతమ్మకిచ్చి, రెండు మాటలు చెప్పి, బ్యాగు తీసుకుంది. బస్టాండుదాకా బ్యాగు చెంగల్రాయుడే మోశాడు.

కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. ఇద్దరూ అదే ఎక్కారు. ఆమెకు ముందువైపు కిటికీ పక్కన చోటు దొరికింది. అతనికి వెనక దొరికింది కానీ, సంచీతో ఎక్కిన ఒక ముసలామెకు ఇచ్చేసి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. జనం మధ్యలోంచి ఆమె కొప్పు, దానిపక్కన వాడిన కనకాంబరాలు కనిపిస్తున్నాయి. బాగా చేశానులే అనుకున్నాడు. గెలిచి పోతోంది, ఓడి పోవడంలేదు. అలా అనుకుంటే గుండెల్లో బరువు తగ్గాలి మరి. తగ్గలేదు.

టికెట్టు కోసం జేబులో చేయి పెడితే ముక్కలు తగిలాయి. తీసి చూశాడు. రెండు, మూడు, అయిదు. ఆమె అంతసేపు చూసుకున్నది ఈ మూడింటినే.

చూసుకునే అడిగింది.

పుచ్చుతో సైడు ఎవరు అడుగుతారు? పడేస్తారు, లేదా దబాయించి ఆడతారు. పక్కమనిషి చేతిలో పెట్టి నాది పెద్దదా అని ఎవరూ అడగరు, ఓడిపోవాలని ఉన్నవాళ్ళు తప్ప. అతని దగ్గర ఏమున్నా గెలుస్తాడని ఆమెకు తెలుసు. నాదే పెద్దదా అని రెండోసారి ఎందుకు అడిగిందో, నీదే అని తను చెప్పింది ఆమె చెవిలో ఏమని వినిపించిందో అప్పుడు తెలిసింది. పొమ్మన్నాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఏళ్ళుగా తను ఏ ముక్కలు పడేస్తున్నాడో కూడా ఆమెకు తెలిసే ఉంటుంది.

జనాన్ని తోసుకుంటూ ముందుకు నడవడం మొదలుపెట్టాడు. పుట్టాక ఎవర్నీ తోసి ఎరగడు. కాళ్ళు తొక్కాడు, తిట్లు తిన్నాడు. ఆమె దాకా చేరేలోపే బస్సు పుంగనూరు స్టాండులోకి తిరిగింది, దిగేవాళ్ళంతా ఒక్కసారి లేచి అతన్ని తమతోపాటు కిందికి దించేశారు. బస్సు చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆమె అటే చూస్తూ ఉంది, వస్తాడని తెలిసినట్టు.

"ఇది పుచ్చు కదా రమణమ్మా" అన్నాడు, ముక్కలు పైకెత్తి.

"అవునప్పా. సూసే అడిగినా."

కండక్టరు తలుపు వేస్తున్నాడు. దిగు అంటే చాలు. అంత చిన్న మాట. ఆమె ఒడిలోని బ్యాగును రెండు చేతులతో పట్టుకుని, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టే కూర్చుంది. చెంగల్రాయుడు నోరు తెరిచాడు. కుప్పంలో కాచుకుని ఉన్న తమ్ముడు గుర్తొచ్చాడు. తన ఒంటిగది, దాని రేకులు గుర్తొచ్చాయి. బస్సులో ఇంతమంది చూస్తున్నారని కూడా గుర్తొచ్చింది.

"కుప్పం పోయేసరికి పొద్దుపోతాది" అన్నాడు. "జాగర్తగా పో."

రమణమ్మ చేతులు బ్యాగు మీద వదులయ్యాయి. అతన్ని కాసేపు ప్రేమగానే చూసింది.

"సరే అన్నా" అంది.

బస్సు స్టాండు దాటి పలమనేరు రోడ్డెక్కింది. చెంగల్రాయుడు అది మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత కూడా కాసేపు నిలబడి, సిమెంటు బల్ల మీద ఒక చివరకు జరిగి కూర్చున్నాడు. పొద్దున రుద్ది కడిగిన వేళ్ళకు మళ్ళీ పసరు పట్టి ఉంది. పక్కన, ఒక మనిషి కూర్చునేంత జాగాలో, మూడు ముక్కలు వెల్లకిలా ఉన్నాయి: రెండు, మూడు, అయిదు.