మూడో చేప

సోమప్పకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. బస్సు ఆలస్యమైతే కోపం, చుట్ట అంటుకోకపోతే కోపం. కానీ ఆ ఫాల్గుణంలో, గుమ్మఘట్ట అవతలి చెరువు గట్టు మీద అతనికి వచ్చిన కోపానికి మాత్రం కారణం ఉంది. విని మీరే చెప్పండి.

అది 2003, వరసగా మూడో కరువేడు. చెరువంతా ఎండి మధ్యలో ఒక్క మడుగు మిగిలింది. అందులో నీళ్లు మహా అయితే పది రోజులు. నిరుడు జనం వలలు దింపి, బురద కెలికి, గొడ్లు నోరు పెట్టడానికి లేకుండా చేసుకున్నారు. అందుకని ఈసారి ఊరంతా పక్షం కిందటే కూర్చుని కట్టుబాటు చేసుకుంది. వల వద్దు, గాలమే. ఇంటికొక రోజు వంతు, వంతుకు మూడు చేపలు. ఎవరు పట్టినా, ఏ రకం పడినా, ఏ సైజు పడినా లెక్కే. ఇదంతా చూడడానికి చెరువు నీళ్ల కాపలాదారు, నీరుగంటి సుంకప్ప పొద్దస్తమానం తుమ్మచెట్టు కింద కూర్చుంటాడు.

సోమప్ప వంతు వచ్చేసరికి అతని కూతురు ఈశ్వరికి కాన్పై తొమ్మిది రోజులు. రక్తం చాలా పోయింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, బిడ్డకు పాలు చాలడం లేదు. డాక్టరు మాత్రలిచ్చి, బలమైన తిండి పెట్టమన్నాడు. బలమైన తిండి అని చెప్పడానికి నోరుంటే చాలు, ఇంట్లో రాగిసంగటి తప్ప ఏముంది? బాలింతకు కొర్రమీను మిరియాల చారే పోయాలనీ, జెల్ల చేప పెడితే పసిబిడ్డకు వాంతులు పట్టుకుంటాయనీ భార్య మారెక్క తీర్పు చెప్పింది. మారెక్క తీర్పు మీద అప్పీలు లేదు.

పొద్దున్నే ఎర్రలు గుచ్చి గాలం వేస్తే మొదట జెల్ల పడింది. తర్వాత అరచేయంత పరిక చేప. ఇక మిగిలింది ఒక్కటే. మళ్లీ జెల్ల పడితే? ఆ భయంతో సోమప్ప గాలం ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

అప్పుడు వచ్చాడు తిప్పేష్. ఊళ్లో హనుమంతప్పకు మేనల్లుడు, ఆ వరసన సోమప్పనూ మామా అంటాడు. బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం, రెండు రోజులు చుట్టపుచూపుగా వచ్చాడు. చేతిలో సన్నటి కడ్డీ, డబ్బా నిండా ఈకలు చుట్టిన గాలాలు.

"మామా, ఒక్కసారి నేనేస్తా. ఈడ ఏమేం చాపలుండాయో చూడాలని."

"ఏమప్పా, కోడీకలు చూసి చాపలు నోరు తెరుస్తాయా?" అని నవ్వాడు సోమప్ప.

తిప్పేష్ కడ్డీని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి దారం వదిలాడు. ఈకల కుచ్చు నీటి మీద పడి, లాగినప్పుడల్లా కప్పపిల్లలా గెంతింది. సోమప్ప నవ్వు ఆగిపోయింది. జెల్ల అడుగునే తిరుగుతుంది. పైన గెంతేదాన్ని మింగడానికి లేచేది కొర్రమీనే. అంటే ఈ పిల్లోడి ఈకలకు జెల్ల పడదు!

"ఆ జమ్ము పక్కన ఎయ్యి. ఆడ ఉండాది పెద్ద కొర్రమీను. నాలుగు దినాలుగా చూస్తాండా" అని తనే చోటు చూపించాడు.

ఆ చేప ఎవరికోసమో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. చేప పట్టినవాడు ఇంటికి తీసుకుపోతాడు, వేరేవాళ్ల వంతైతే వాళ్లకు ఇస్తాడు. ఇందులో చెప్పడానికేముంది?

నాలుగోసారికి నీళ్లు భళ్లుమన్నాయి. కడ్డీ విల్లులా వంగింది. కాసేపటికి మూరెడు కొర్రమీను గట్టు మీదికి వచ్చింది. సోమప్పకు పొయ్యి మీద ఉడుకుతున్న చారు కనిపించింది. తిప్పేష్ చేతులు తడుపుకుని, చేపను మురిపెంగా పట్టుకుని, గాలం తీసి, వంగి నీళ్లలో పెట్టాడు. అది తోక ఆడించి వెళ్లిపోయింది.

"జారిందా?" అన్నాడు సోమప్ప.

"లేదు మామా, వదిలేసినా. పట్టేది ఆటకే కదా. పాపం, బతకనీ."

సోమప్ప ఒళ్లంతా భగ్గుమంది. "బతకనీనా? పది దినాలకు ఈ మడుగు ఎండిపోతాది. యాడ బతుకుతాది రా? నీ ఎనకాల బస్సెక్కి బెంగళూరుకు వస్తాదా?" అని అరుస్తూ, గాలానికి ఎర్ర గుచ్చబోయాడు.

తుమ్మచెట్టు కింది నుంచి సుంకప్ప లేచి వచ్చాడు. "సోమన్నా, మూడయినాయి. గాలం చుట్టు."

"నా చేతికి వచ్చిందా అది?"

"గట్టుకొచ్చిందా లేదా? చిన్నదాన్ని వదిలేసి పెద్దదానికోసం మళ్లీ ఎయ్యకూడదు, వదిలినా లెక్కేనని ఆపొద్దు పట్టుబట్టింది ఎవరు? నువ్వే కదా."

సోమప్ప చేతిలోని ఎర్రను గట్టు మీదికి విసిరేశాడు. నిజమే, ఆ మాట అతనిదే. ఎవరో మోసం చేస్తారని, అరిచి మరీ ఒప్పించాడు. ఊళ్లో ఇరవైమూడు ఇళ్లు. తన వంతు మళ్లీ వచ్చేసరికి ఇక్కడ నెర్రెలే ఉంటాయి. సుంకప్ప మీద కోపం, తన మీద కోపం, అన్నిటికంటే ఆ 'పాపం' అన్న మాట మీద కోపం. చేప మీద పాపం!

"రాయదుర్గం సంతలో తెచ్చిస్తా మామా" అని గొణిగాడు తిప్పేష్.

"సంతలో ఐసు చాపలుంటాయి. బతికిండే కొర్రమీను యాడుంటాది? నడువు." కుర్రాడి జబ్బ పట్టుకుని ఇంటిదాకా విడవలేదు.

ఇంట్లో మారెక్క మిరియాలు నూరి పెట్టుకుని ఉంది. భర్త చేతిలోని జెల్లనూ పరికనూ చూసి రోలు పక్కకు జరిపింది.

"ఈశ్వరీ, మీ బావ వచ్చినాడు. కొర్రమీను సంగతి ఆయప్పే చెప్తాడు" అన్నాడు సోమప్ప.

ఈశ్వరి గోడ పట్టుకుని లేచి కూర్చుంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒళ్లో బిడ్డ రొమ్ము వదిలేసి, సన్నగా ఏడుస్తోంది.

"పడింది ఈశ్వరీ. పెద్దదే" అన్నాడు తిప్పేష్, నేల చూస్తూ. "వదిలేసినా."

ఆమెకు కోపం రాలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

"ఎందుకు బావా?"

తిప్పేష్ నోరు తెరిచాడు. గట్టు మీద అంత సులువుగా వచ్చిన మాట ఆ గదిలో రాలేదు. బయటికి పోదామని వెనక్కి తిరిగాడు. సోమప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"చెప్పప్పా. పిల్ల అడగతాండాది."